కిన్నెరసాని దాకా వెళ్లొచ్చిన పాము

భద్రాచలం ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఖమ్మంలో పుట్టి పెరిగినవాళ్లకి అది యాత్ర కాదు, అలవాటు. పెళ్లయితే వెళ్తాం, ఉద్యోగం వస్తే వెళ్తాం, ఏమీ లేకపోతే గోదావరి చూసొద్దామని వెళ్తాం. కానీ వెనక సీట్లో పాముని పెట్టుకుని వెళ్లింది మాత్రం ఒక్కసారే. అదీ దర్శనం కోసం కాదు. దారిలో ఎక్కడో అడవి చూసుకుని దాన్ని వదిలేసి రావడానికి.

ముందు ఆ పాము సంగతి చెప్పాలి. అది మా మేనల్లుడిది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కొనుక్కున్నాడు. పేరు బాల్ పైథాన్. భయం వేస్తే తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది కాబట్టి ఆ పేరు. మూడున్నర అడుగుల పొడవు, ముదురు గోధుమరంగు ఒంటి మీద లేత పసుపు మచ్చలు. విషం లేదు. మా వాడు దాన్ని మెడలో వేసుకుని ఫొటోలు దిగేవాడు. వాడికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఆగస్టులో విమానం ఎక్కేశాడు. అంతకు వారం ముందు పాముని, దాని గాజుపెట్టెని తెచ్చి ఖమ్మంలో వాళ్లమ్మ దగ్గర పెట్టాడు. "రెండేళ్లేగా అమ్మా" అన్నాడట.

మా అక్క నెల రోజులు ఓపిక పట్టింది. ఆ గదిలోకి వెళ్లాలంటే ముందు తలుపు సందులోంచి తొంగి చూసేది. పనిమనిషి మానేసింది. పాము కూడా తినడం మానేసింది. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "తమ్ముడూ, నావల్ల కాదురా. అది చచ్చిపోయినా పాపమే, నేను గుండాగి పోయినా పాపమే. నువ్వు భద్రాచలం వెళ్తున్నావంటగా, దారంతా అడవేగా. ఎక్కడన్నా వదిలేసిరా. పాముకి అడవే కదా ఇల్లు."

మాట న్యాయంగానే అనిపించింది. పాముకి అడవి కాక ఇంకేం ఇల్లుంటుంది?

దిండు గలీబులో మూట

మేనల్లుడు వీడియో కాల్‌లో చెప్పిన ప్రకారం పాముని పాత దిండు గలీబులోకి ఎక్కించి, మూతి ముడివేసి, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ టబ్బులో పెట్టాను. మొదటిసారి ముట్టుకున్నాను. జిగటగా ఉంటుందనుకున్నా. కాదు. నున్నగా, పొడిగా, కొత్త తోలు చెప్పులా ఉంది. వాడికి అడవి మాట చెప్పలేదు. "మా ఇంటికి తీసుకెళ్తున్నా" అన్నాను. ఆ అబద్ధం దారి పొడవునా గుచ్చుకుంటూనే ఉంది.

మా ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. "ఏమండీ, మూత గట్టిగానే ఉందా?" అని మాత్రం వైరా దాకా నాలుగుసార్లు అడిగింది.

వానాకాలం చివర. వైరా చెరువు నిండుగా ఉంది. తల్లాడ దగ్గర ఎడమకు తిరిగి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం దారి పట్టాం. ఈ దారిలో అడవి ఒక్కసారిగా రాదు. ముందు పత్తి, తర్వాత మిరప నారుమళ్లు, మధ్యలో జామాయిల్ తోటలు. ఇది అడవేనేమో అనుకుంటే వరసలు కనిపిస్తాయి. మనిషి నాటిన చెట్లు. ఆ వెనకెక్కడో అసలు అడవి. జూలూరుపాడు దాటాక రెండుచోట్ల కారు ఆపాను. రెండుచోట్లా దూరంగా ఎవరో ఒకరు కనిపించారు. పత్తిలో కలుపు తీసేవాళ్లు, మేకల కాపరి. అడవి అంచు అంటే మనుషులు లేనిచోటు కాదని ఆ రోజే గమనించాను.

కొత్తగూడెంలో టిఫిన్‌కి ఆగి తిరిగొచ్చేసరికి కారు వేడెక్కిపోయి ఉంది. ఏసీ గట్టిగా పెట్టాను. అటు వేడి, ఇటు చల్లదనం. ఈ రెండూ ఆ పాముకి ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

"ఏం పామది సార్?"

పాల్వంచ నుంచి కిన్నెరసాని పక్కకి పది పన్నెండు కిలోమీటర్లు. విశ్వనాథ సత్యనారాయణగారు కిన్నెరసాని పాటలు రాసింది ఈ వాగు మీదే. రిజర్వాయరు, జింకల పార్కు చూడటానికి ఆదివారాలు జనం వస్తారు. రిజర్వాయర్‌లో మొసళ్లుంటాయి. చుట్టూ ఉన్న అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 635 చదరపు కిలోమీటర్లు. పాముని వదలడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుందనుకున్నాను.

దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. బల్ల మీద ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. అటవీశాఖలో వాచర్‌ట. కోయవారు. పుట్టింది పెరిగింది ఈ అడవి పక్క గూడెంలోనే. మాటల్లో పెట్టి, ఏమీ ఎరగనట్టు అడిగాను. "బాబాయ్, ఊళ్లల్లో దొరికిన పాముల్ని మీరు ఎక్కడ వదులుతారు?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నావంక చూశాడు. "ఏం పామది సార్? కార్లో ఉందా?"

ఇలాంటి మనుషుల దగ్గర అబద్ధం నిలవదు. టబ్బు దించి, గలీబు మూతి విప్పి చూపించాను. ఆయన వంగి చూశాడు. ముట్టుకోలేదు.

"కొండచిలువ జాతి లాగుంది. కానీ మనది కాదు."

"కాదు బాబాయ్. ఆఫ్రికాది."

"మరి ఈడ ఇడిసిపెడితే ఏం తింటది?"

"ఎలుకల్ని. అడవిలో ఎలుకలుంటాయి కదా."

"ఇప్పటిదాకా ఎట్ట తిన్నది?"

చచ్చిన ఎలుకని చిమటాతో పట్టుకుని ముందు ఊపితే తింటుందని మేనల్లుడు చెప్పింది చెప్పాను. ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. "అంటే నోటికందిస్తే తినే పిల్ల. దీన్ని తీసుకొచ్చి అడవిలో దించి, పోయి బతుకమంటారు."

తర్వాత ఆయన చెప్పిన మాట నేను మర్చిపోలేను. "ఆకలితో చచ్చేదాకా కూడా ఉండదు సార్. దీని ఒంటి మీద మచ్చలు చూడండి. పత్తి చేలో కూలోళ్లకి కనపడిందనుకోండి, రక్తపింజర అనుకుంటరు. ఒక్క కట్టె దెబ్బ. ఆళ్లది తప్పు కాదు. రక్తపింజర కరిచి పోయినోళ్లు ప్రతి ఊళ్లో ఉన్నరు."

టీ కొట్టు ఆమె అందుకుంది. "ఇంకోటుంది అన్నా. ఇది కరవదని ఎవరన్నా పిల్లగాడు పట్టుకుని ఆడుకున్నడనుకో. రేపు అసలు రక్తపింజరని చూసి, ఇది కూడా అదే అనుకుంటే?"

ఆ మాటకి ఒళ్లు జల్లుమంది. మన దగ్గర పిల్ల కొండచిలువ అనుకుని రక్తపింజరని చేత్తో పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. రెంటికీ లావుపాటి ఒళ్లు, ముదురు మచ్చలు. రక్తపింజర మచ్చలు గొలుసుకట్టులా వరసగా ఉంటాయి, తల మూడుమూలలుగా ఉంటుంది, కదిలిస్తే ప్రెషర్ కుక్కర్‌లా బుస కొడుతుంది. కానీ చీకట్లో, చెప్పుల్లేని కాళ్లతో నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతుకి ఇవన్నీ చూసే తీరిక ఎక్కడిది? ఆ రైతు దారిలో నేను కొత్త అయోమయాన్ని వదలబోయాను.

కాగితం

వాచర్ బాబాయ్ ఫోన్ చేస్తే బీట్ ఆఫీసర్ బైక్ మీద వచ్చింది. ముప్పై దాటని అమ్మాయి. పాముని చూసి, "కాగితాలున్నాయా సార్?" అంది. మేనల్లుడు పెట్టెతోపాటు ఇచ్చిన ఫైలు కార్లోనే ఉంది. అందులో రిజిస్ట్రేషన్ కాగితం ఉంది.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మన అడవిలో ఉండే కొండచిలువ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పులి ఎక్కడుందో అదీ అక్కడే. దాన్ని ఇంట్లో పెంచడం, వేటాడటం, చర్మం అమ్మడం అన్నీ నేరం. వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. విదేశీ జంతువుల లెక్క వేరు. చాలాకాలం వాటిని పట్టించుకున్న చట్టమే లేదు. 1972 నాటి చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న విదేశీ జాతుల్ని నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు. బాల్ పైథాన్ అందులో ఉంది. 2024 ఫిబ్రవరిలో నిబంధనలొచ్చాయి. అప్పటికే పెంచుతున్నవాళ్లు ఆరు నెలల్లోగా కేంద్రం వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా తెలియజేయాలి.

"ఇప్పుడిది కాగితం మీద మీ మేనల్లుడి దగ్గరుంది. మీరు అడవిలో వదిలేశాక ఎవరైనా అడిగితే ఏం చెప్తారు సార్? పారిపోయిందంటారా?"

నా దగ్గర జవాబు లేదు. "పోనీ, మీరు తీసుకోండి" అన్నాను. ఇది మన అడవి జంతువు కాదు, అభయారణ్యంలో దీనికి చోటు లేదంది. ఫ్లోరిడా సంగతి చెప్పింది. అక్కడ పెంచుకోలేక వదిలేసినవీ తప్పించుకున్నవీ అయిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో వేలకు వేలయ్యాయి. కుందేళ్లు, రకూన్లు కనిపించడమే అరుదైంది. వాటితోపాటు వెళ్లిన ఊపిరితిత్తుల పురుగు అక్కడి పాములకీ అంటుకుంది. "ఇది ఒక్కటే కదా అంటారు సార్. అక్కడ వదిలిన ప్రతివాళ్లూ ఒక్కటే కదా అనుకుని ఉంటారు."

మా ఆవిడ అప్పటిదాకా కార్లోనే కూర్చుని అద్దం దించి వింటోంది. "మరి ఇంటికి తీసుకెళ్దాం లెండి" అంది. వైరా దాకా నాలుగుసార్లు మూత గురించి అడిగిన మనిషి.

బొరియ దగ్గర పాఠం

వెళ్లేముందు వాచర్ బాబాయ్ "రండి సార్, ఒకటి చూపిస్తా" అని రోడ్డు పక్కనే కొంచెం దూరం తీసుకెళ్లాడు. మద్దిచెట్ల కింద గట్టు. గట్టులో బొరియ. ముళ్లపంది తవ్వింది. మూతి దగ్గర ఒకటి రెండు ముళ్లు కూడా ఉన్నాయి. ఏటా కొండచిలువలు ఇందులోకి వస్తాయిట. ఒక ఎండాకాలం ఒక తల్లి గుడ్లు పెట్టి, వాటి చుట్టూ చుట్టుకుని, రెండు నెలలు తిండి లేకుండా అలాగే ఉండిపోయిందని చెప్పాడు. (తర్వాత పుస్తకాల్లో చదివాను. కొండచిలువ తల్లి కండరాల్ని వణికించి ఒంట్లో వేడి పుట్టిస్తుంది, ఆ వేడితోనే గుడ్లని పొదుగుతుంది. పాముల్లో ఇంత పని చేసేవి చాలా తక్కువ.)

"చెయ్యి పెట్టి చూడండి, భయం లేదు, ఇప్పుడు ఖాళీనే" అన్నాడు. మూతి దగ్గర పెట్టాను. బయట ఉక్క. లోపల్నుంచి చల్లగా, తడిమట్టి వాసన. "ఎండాకాలం బయట నిప్పులు చెరిగినా ఈడ ఇంతే. చలికాలం బయట వణికినా లోపల ఎచ్చగుంటది. పాముకి ఇల్లంటే అడవి కాదు సార్. ఇది. ఒళ్లు గోడలకి ఆనాలి, చీకటుండాలి, ఎండా చలీ మారకూడదు. అడవి దానికి బజారు. తిండికి వచ్చి పోద్ది."

పాముకి అడవే ఇల్లు అనుకుంటూ వచ్చాను కదా. ఆ మాట అక్కడితో పోయింది. మేనల్లుడి గాజుపెట్టె గుర్తొచ్చింది. నాలుగువైపులా అద్దాలు, పైన రంగు లైటు, చుట్టూ జనం. అది తినడం ఎందుకు మానేసిందో అప్పుడర్థమైంది. దానికి మేం ఇల్లు ఇవ్వలేదు. షోకేసు ఇచ్చాం.

ఆ తర్వాత చదివితే ఇంకో సంగతి తెలిసింది. ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ లాంటి దేశాల్లో బాల్ పైథాన్లు ఉండేది ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో. మనం నాగుల చవితికి పాలుపోసే పుట్టల్లాంటివే. బెనిన్‌లో విదా అనే ఊళ్లో వీటికి గుడే ఉంది. ఇళ్లల్లోకొస్తే చంపరు. అలాంటిచోటు నుంచే ఏటా వేలకొద్దీ పాములు ప్రపంచమంతా పెంపకానికి ఎగుమతయ్యాయి. మన చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చినవాళ్ల బ్యాగుల్లోనూ ఇవి దొరుకుతుంటాయి.

ఆ రోజు భద్రాచలం వెళ్లాం. సారపాక దాటి వంతెన మీదికి రాగానే గోదావరి ఎర్రగా, నిండుగా. మా ఆవిడ ఒక్కతే గుడికి వెళ్లింది. నేను చెట్టు నీడలో కారు ఆపి, అద్దాలు కొంచెం దించి, టబ్బు పక్కన కాపలా కూర్చున్నాను. ఎండలో ఆపిన కార్లో పాముని వదిలిపెడితే అరగంట కూడా బతకదని బీట్ ఆఫీసర్ గట్టిగా చెప్పింది. ఏసీ చలి నేరుగా తగలనివ్వద్దనీ చెప్పింది. దర్శనం లేని భద్రాచలం ప్రయాణం నాకదే మొదటిది.

ఎండాకాలం పరీక్ష

ఆ రాత్రి మేనల్లుడికి ఫోన్ చేసి నిజం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సారీ మావయ్యా, తప్పు నాదే" అన్నాడు. నా పేరు మీదికి మార్చడానికి దరఖాస్తు వాడే పెట్టాడు. ఇద్దరం కూర్చుని (వాడు అక్కడ, నేనిక్కడ) పాముకి ఇల్లు కట్టాం.

పెట్టె నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. మూడువైపుల అద్దాలకి నల్ల అట్ట అంటించాం. రెండు చివర్లా రెండు బొరియలు. దుకాణాల్లో అమ్మే ప్లాస్టిక్ గుహలు కాదు. మా ఊరి కుమ్మరి దగ్గర కొన్న కుండల్ని సగానికి కోయించి, అంచులు రుద్ది బోర్లించాను. చుట్టుకుంటే ఒళ్లు గోడకి ఆనేంత ఇరుకు. కింద కొబ్బరి పొట్టు. ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీల వేడి, రెండో వైపు 25 నుంచి 27. దానికి ఎక్కడ కావాలనిపిస్తే అక్కడికి పోతుంది. పాముకి ఒంట్లో వేడి పుట్టదు, చోటు మారి తెచ్చుకుంటుంది. అందుకే రెండు వాతావరణాలు కావాలి. హీటరు ఏదైనా థర్మోస్టాట్ లేకుండా పెట్టకూడదు. ఒళ్లు కాలుతున్నా అది లేచి పోదు. పెద్ద నీళ్ల గిన్నె. గాల్లో తేమ 60 శాతం పైన, కుబుసం విడిచే రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ. కళ్లు పాలలా తెల్లబడితే కుబుసం దగ్గర పడ్డట్టు. అప్పుడు ముట్టుకోకూడదు. అంతా సరిగా ఉంటే కుబుసం మేజోడులా ఒకే ముక్కగా వస్తుంది. ముక్కలుగా వచ్చిందంటే గాలి పొడిగా ఉందన్నమాట.

పదిహేను రోజులకి కుండలోంచి తల బయటికొచ్చింది. ఇరవయ్యో రోజు రాత్రి ఎలుకని తీసుకుంది. మా అక్కకి ఫోన్ చేసి చెప్తే ఏడ్చింది. దాన్ని తను చంపుకుంటున్నానేమోనని నెల రోజులు నిద్రపోలేదట.

తిండి సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడే చాలా ఇళ్లల్లో గొడవ. పది పదిహేను రోజులకి ఒక ఎలుక. దాని ఒంటి లావు ఎంతో అంతకు మించకూడదు. బతికున్నది వేయకూడదు, ఎదురుతిరిగి కొరికితే పాముకి గాయాలవుతాయి. గడ్డకట్టించిన ఎలుకని గోరువెచ్చని నీళ్లలో కరిగించి పెట్టాలి. మేం వారానికి మూడు రోజులు కూరగాయలు తప్ప ముట్టనివాళ్లం. పాత చిన్న ఫ్రిజ్ ఒకటి కొని వెనక షెడ్డులో పెట్టాల్సొచ్చింది. తిన్నాక రెండు రోజులు కదిలించకూడదు. ఒక్కోసారి చలికాలంలో నెలల తరబడి తినదు. బరువు తగ్గకపోతే కంగారు పడక్కర్లేదు.

ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది. ఆ సలహాలన్నీ చలిదేశాలవాళ్లు రాసినవి. పాముని వెచ్చగా ఎలా ఉంచాలన్నదే వాళ్ల బాధ. మనది కొత్తగూడెం పక్క ఖమ్మం. మేలో 45 డిగ్రీలు మనకి వార్త కాదు. ఈ పాము 35 దాటితే ప్రమాదంలో పడుతుంది. మొదటి మేలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. గంట తర్వాత పెట్టెలో మీటరు 36 చూపించింది. పాము నీళ్ల గిన్నెలో పడుకుంది. బొరియ గుర్తొచ్చింది. పెట్టెని మేడమీద గదిలోంచి దించి, కింద ఎండ సోకని సామాన్ల గదిలో బండల మీద పెట్టాను. గోనెసంచులు తడిపి చుట్టూ కప్పాను. గంటకోసారి నీళ్లు చల్లుతూ సాయంత్రం దాకా కూర్చున్నాను. 31కి దిగాక గిన్నెలోంచి లేచి కుండలోకి వెళ్లింది. అప్పటినుంచి దాని ఇల్లు ఆ సామాన్ల గదే. మా ఇంట్లో అన్నిటికన్నా చల్లని గది అది. మా ఆవిడ ఎండాకాలం మధ్యాహ్నాలు ఇప్పుడు అక్కడే చాప వేసుకుంటుంది. పెట్టెకి ఆరడుగుల దూరంలో అనుకోండి.

కొనేవాళ్లకి ఒక మాట

మా సామాన్ల గది చూసినవాళ్లలో కొందరు, ముఖ్యంగా పిల్లలు, "మాకూ కావాలి" అంటారు. వాళ్లకి చెప్పేదే మీకూ చెప్తాను.

మొదటిది, వయసు. బాల్ పైథాన్ ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో ఒక ఆడపాము 1961లో చేరింది. 2020లో, అరవై దాటిన వయసులో గుడ్లు పెట్టింది. ఇరవై ఏళ్ల కుర్రాడు కొంటే, వాడి చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ అయ్యాక కూడా అది ఉంటుంది. అంతకాలం ఎవరు చూస్తారో ముందే రాసుకోవాలి. "అమ్మ చూస్తుంది" అన్నది జవాబు కాదు.

రెండోది, రంగులు. వింత రంగులు, వింత గీతలున్నవాటికి ధర ఎక్కువ. అందులో స్పైడర్ అనే రకం పుట్టుకతోనే తల తూలుతూ ఉంటుంది, గురి తప్పుతుంది. అది పాముకి ఇష్టమై చేసే విన్యాసం కాదు, జబ్బు.

మూడోది, డాక్టరు. పాము నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, ముక్కు దగ్గర బుడగలొస్తున్నా చూసే డాక్టరు మీ ఊళ్లో ఉన్నాడా? మా ఊళ్లో నాకు దొరకలేదు. హైదరాబాద్ తీసుకెళ్లాల్సొచ్చింది.

నాలుగోది, కాగితం. అది లేకుండా ఎవరు అమ్మినా కొనొద్దు.

ఇవన్నీ విన్నాక కూడా కావాలనేవాళ్లకి ఇంకో దారి చెప్తాను. ఒక ఆదివారం పొద్దున్నే కిన్నెరసాని వైపు రండి. మన కొండచిలువ అక్కడ తన ఇంట్లో ఉంది. కనిపించదు, కనిపించకపోవడమే దాని ఆరోగ్యం. అది తిరిగే గట్లు చూడండి, బొరియ మూతి దగ్గర చల్లదనం చూడండి, అక్కడ పనిచేసే మనుషులతో టీ తాగండి. మీ చేలోనో కోళ్లగూట్లోనో కొండచిలువ కనపడితే కట్టె తీయకుండా అటవీశాఖకి ఫోన్ చేయండి. హైదరాబాద్ చుట్టుపక్కలైతే 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు. పాముల మీద ఇష్టం చూపించడానికి పాముని కొనక్కర్లేదు.

మొన్న దసరాకి మళ్లీ ఆ దారిన వెళ్లాం. టీ కొట్టు దగ్గర వాచర్ బాబాయ్ కనిపించాడు. కారు ఆపకముందే వెనక సీటు వైపు చూశాడు.

"లేదు బాబాయ్, ఇంట్లోనే ఉంది. కుండలో."

"తింటందా?"

"తింటోంది."

"మంచిది" అని, టీకొట్టు ఆమెతో మూడు టీలు చెప్పాడు. మా ఆవిడ ఈసారి కారు దిగి, "ఆ బొరియ నాకూ చూపించరా?" అని అడిగింది.